విలీన విధానం, రెండో ముసాయిదా

కార్డ్లా లైబ్రరీ పైగది. ఏడుగురం.
హీటరు ఒకవైపే పనిచేస్తోంది,
అందుకే కుర్చీలన్నీ ఒకవైపే.

సముద్రం మీద మంచు ఎన్ని సెంటీమీటర్లు గట్టిపడిందో
రోజూ పొద్దున ఆరింటికి దీవికి చెప్పే ప్రోగ్రాం మాది.
జీతాల్లేవు.
దారి తెరవొచ్చా, వద్దా
అన్న ఒక్క మాట కోసం నలభై వేల పంక్తులు.

పోయిన ఫిబ్రవరిలో ఎవరిదో ఒక మార్పు
ఎవరూ చదవకుండానే మెయిన్‌లో కలిసిపోయింది.
పద్నాలుగు అనాల్సిన చోట ఇరవై నాలుగు అంది.
పాల వ్యాను వెనక చక్రం ఒక్కటే దిగబడింది.
ఒక్కటే, అని ఇప్పటికీ అంటాం,
ఆ మాటనే గట్టుగా పట్టుకుని.

ఎవరిదో అన్నాను. నాదే.

ఇద్దరు చదివి సరేననందే ఏదీ కలవకూడదంది త్రీను.
జూలైలో ఇద్దరేరీ, అంతా పడవల మీదుంటే,
అని ఉర్మస్ టీ కప్పులోకి నవ్వాడు.
అతుకులు కనబడాలా, వద్దా
అన్న దగ్గర గంటసేపు ఆగిపోయాం.

నేను స్క్వాష్ అన్నాను.
పదకొండు తప్పటడుగులు నొక్కేసి
ఒక్క శుభ్రమైన కమిట్.
చరిత్ర చదవడానికి హాయిగా ఉండాలి కదా అని
గొంతు పెంచి మరీ వాదించాను.

హెల్వె ముప్పయ్యేళ్ళు రోడ్ల శాఖలో చేసిన మనిషి.
కోడ్ రాయదు, టెస్టులు రాస్తుంది.
కళ్ళజోడు పైకి తోసుకుని
తెర మీద ఒక పాత కమిట్ తెరిచి, పేరు వదిలేసి చదివింది:
"రాత్రి మూడు. సెన్సరుకి పిచ్చెక్కింది.
ప్రస్తుతానికి పది కలుపుతున్నా, రేపు తీసేస్తా."
పదకొండింటిలో ఏడోది.
"ఇది దొరక్కపోతే," అంది, "ఆ పది ఇంకా అక్కడే ఉండేది."
ఇంకేమీ అనలేదు.

ఏరు దాటాక తెప్ప తగలేద్దామన్నవాణ్ణి నేను,
అదీ గడ్డకట్టిన ఏరు.

నాలుగు, మూడు. ఓడిపోయాను.
ఓడినవాడే ఫైలు రాయాలన్నారు,
అది ఏ పాలిసీలోనూ లేదు.

రాత్రి రాశాను.
మూడుసార్లు తప్పు రాసి, మూడూ ఉంచేశాను.
ఉర్మస్ సరేనన్నాడు.
రెండో సరే కోసం చూస్తున్నాను.
హెల్వె నిద్రపోతోంది.
బయట మైనస్ పదకొండు.
ఒడ్డు నుంచి మంచు
ఎవరి అనుమతీ అడక్కుండా
కొంచెం కొంచెంగా నీటిని కలుపుకుంటోంది.