మూడో గేరులో చప్పుడు

మెర్విన్ ట్రెగేర్ చెవులు
పదకొండేళ్లుగా నాకు తెలుసు.
బల్లరాట్‌లో, స్టర్ట్ స్ట్రీట్ మీది నా గదిలో
హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూచుంటాడు.
వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమంటే
వినపడనప్పుడు కూడా
మర్యాదకి నొక్కేవాడు.
ఏటేటా అతని గ్రాఫు కుడివైపుకి
జారుడుబల్లలా వంగిపోయింది.
ముందు పిట్టలు పోయాయి.
తర్వాత మనవల మాటల్లోంచి స, శ.

ఈ శనివారం నేనే అతని దగ్గరికి వెళ్లాను,
షెడ్డులోకి, అపాయింట్‌మెంటు అడిగి.

డెబ్బైరెండు నాటి డాట్సన్. ఆవపిండి రంగు.
తలుపు తీస్తే పెట్రోలూ, ఎండిన వినైలూ,
ఏనాటిదో పిప్పరమెంటు బిళ్లా
కలగలిసిన వాసన.

దాని మనవరాలిని నిన్ననే చూసొచ్చాను,
మెల్బోర్న్ షోరూమ్‌లో.
అదే పొడుగాటి ముక్కు, అదే నడుము.
రెండువేల డాలర్లు అడ్వాన్సు కట్టాను,
సోమవారం దాకా వెనక్కి తీసుకోవచ్చన్నాడు కుర్రాడు.
బొత్తాం నొక్కగానే గర్జించింది.
వృత్తి అలవాటు, తల అటూ ఇటూ తిప్పి విన్నాను:
సగం గర్జన డాష్‌బోర్డు వెనక స్పీకర్లోంచి వస్తోంది.
చెవులకి మరలమ్మి బతికేవాణ్ణి,
నా దగ్గరా?

అయినా తప్పు పట్టలేను.
జనవరి ఎండకి సీటు వీపుకి అంటుకోదు.
తుప్పు ఇంకా పుట్టలేదు.
గుద్దుకుంటే కాచుకునే సంచులు ఎనిమిది.
"కొత్త ఒక వింత, పాత ఒక రోత," అంది హైమ ఫోన్లో,
"రోతకి ఇరవైవేలు ఎక్కువేమిటండీ?"

తాళం తిప్పేముందు మెర్విన్
చెవుల్లోంచి మెషీన్లు రెండూ తీసి
చొక్కా జేబులో వేసుకున్నాడు.
"ఇవి పెట్టుకుంటే ఇంజను రేకుడబ్బాలా ఉంటుంది," అన్నాడు.
నేనే అమ్మాను ఆ రేకుడబ్బా. జత ఏడువేలు.

బర్రంబీట్ రోడ్డెక్కాం.
కిటికీ రబ్బరు ఊడిన చోట
ఆగస్టు గాలి ఈల వేస్తోంది.
ఒకటి. రెండు.
మూడో గేరులో విన్నాను.

టిక్.
పంటి సందున నువ్వుగింజ నలిగినట్టు.
టిక్.
ఆరు సిలిండర్లలో ఒకటి
ఏదో చెప్పబోయి నాలిక కరుచుకుంటోంది.

చెవిటివాడి ముందు శంఖం అంటారు మావాళ్లు.
ఇక్కడ ఊదుతున్నవాడే చెవిటివాడు,
నవ్వుతూ, మెడ వెనక్కి వాల్చి.
వింటున్నవాణ్ణి నేను, బేరానికొచ్చినవాణ్ణి.
నోరు విప్పితే ఐదువేలు తగ్గుతుంది.
విప్పకపోతే
అతని తలలో ఆ ఇంజను
ఇంకొన్నాళ్లు నిండుగా మోగుతుంది.
బేరమూ జాలీ ఒకే పుక్కిట నానుతుండగా
వెండూరీ చెరువు దగ్గర నల్లహంసలు
తీరుబడిగా రోడ్డు దాటాయి. ఆగాం.

మళ్లీ మూడో గేరు పడగానే
నా చెయ్యి లాగి గేరు కర్ర మీద పెట్టాడు.
"ఇదిగో. నాలుగో వాల్వు. మార్చి నుంచీ,"
తన గొంతు తనకి అందని వాడి కేకతో.
"అరచేతికి తెలుస్తోంది.
చప్పుడెలా ఉంటుందో చెప్పు."

నువ్వుగింజని ఇంగ్లీషులో ఏమని చెప్పను?
చెప్పినా వినపడదు.
అతని ముంజేతి ఎముక మీద
గోటితో కొట్టాను. టిక్.
కాసేపాగి, మళ్లీ. టిక్.
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా
ప్రతి దెబ్బకీ స్టీరింగు మీద
బొటనవేలు నొక్కాడు.
ఒక్కటీ తప్పలేదు.
ఒక్కటీ మర్యాదకి కాదు.

సోమవారం షోరూమ్ కుర్రాడు కారణం అడిగాడు,
ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండకూడదట.
చప్పుడు అని రాసుకోమన్నాను.

"ఎక్కువైందా సార్, తక్కువైందా?"