నాలుగు నిలువులు, ఒక అడ్డం

నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత:
ఐదు.
ఇరవై రెండేళ్లుగా నాకు వచ్చిన బొమ్మ ఇదొక్కటే.

పొద్దున్న ఆరింటికి కాన్వెంట్ జంక్షన్ దాటి
పోర్టు గేటులో పాసు చూపించి
ఓడ పక్కన స్టూలేసుకుని కూర్చుంటాను.
బియ్యం బస్తాలు స్లింగులో లేస్తాయి,
నేను గీస్తాను.
గంధకం పసుపా, బొగ్గు నలుపా, ఇనపరాయి ఎరుపా,
ఆవేళ ఏ బెర్తు గాలి వీచిందో
నా చొక్కా కాలరే మా ఆవిడకి చెబుతుంది.
సాయంత్రం గీతలు కూడితే గ్యాంగు కూలి.
లెక్క దాటితే పైన ఇన్సెంటివు.
దాటకపోతే ఎవరూ నా మొహం చూడరు,
ఆ తగ్గిన బస్తాలు నేనే మింగేసినట్టు.

ఆదివారం అదే పెన్సిలు
కంచరపాలెం మైదానానికి వస్తుంది.
కబడ్డీ పోటీలకి స్కోరు రాసేది నేనే.
కూతకెళ్లినవాడు ఒకణ్ణి తాకొస్తే ఒక గీత,
దొరికిపోతే, పట్టినవాడికి ఒక గీత.
తాతారావు పేజీ
పాలవాడి కేలండరులా నిండిపోతుంది.
నూకన్న పేజీ తెల్లగా ఉంటుంది.

నూకన్న ఏం చేస్తాడంటే
మూలవాడి చెయ్యి పట్టుకుంటాడు.
అంతే.
మూలవాడు మడమ మీదికి దూకేముందు
వాడి వేళ్లని చిన్నగా నొక్కుతాడు,
ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు,
ఇప్పుడు.
దూకినవాడి పేరు మైకులో మోగుతుంది.
అసలు నూకన్న ఉన్న వైపు కూతగాళ్లు రారు.
రానివాళ్లకి గీత ఎలా గీస్తాం?

ఓడ మీదా వాడిదదే ఉద్యోగం.
హ్యాచ్ అంచున నిలబడి
కింద గోతిలో మనుషుల్నీ, పైన వించినీ
ఒకే చూపులో పెట్టుకుని
చెయ్యి దించితే ఆరియా,
ఎత్తితే అబీస్,
పిడికిలి బిగిస్తే
ఎక్కడిది అక్కడ ఆగాలి.
ఒక్క బస్తా మొయ్యడు.

పోయిన నెల కంట్రాక్టరు ఒక కుర్రాణ్ణి పంపాడు.
తెల్ల హెల్మెట్టు, చేతిలో ట్యాబు,
మూడు రోజులు అందరి కదలికలూ కొలిచాడు.
బస్తాకి ఎన్ని సెకన్లు, బీడీకి ఎన్ని,
ఉచ్చకి ఎన్ని.
నూకన్న ఎదురుగా చాలాసేపు నిలబడి
ఏదో నొక్కాడు.
తొంగి చూశాను:
‘ఖాళీ, డెబ్బై ఒక్క శాతం.’

ఆ ఆదివారం ఫైనల్లో
ఉత్తమ ఆటగాడికి మిక్సీ ఇచ్చారు.
తాతారావు దాన్ని నెత్తిన పెట్టుకుని గంతులేశాడు.
టెంటు వెనక నూకన్న
మోకాలికి ఐసుముక్క రుద్దుకుంటున్నాడు.
స్కోరు పుస్తకంతో వెళ్లి పక్కన కూర్చున్నాను.
“నా కాయితం సూపించు” అన్నాడు.
చూపించాను.
“ఏటీ నేదు” అన్నాను, వాడి మాటల్లోనే,
వాడి కళ్లలోకి చూడకుండా.
కూడిక దగ్గర నేను వేసిన సున్నా మీద
వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.
“పందొమ్మిదేళ్లు, బావూ.
నా సెయ్యి కింద గోతిలో సచ్చినోళ్లు
ఇదిగో, ఇంతమంది.
దెబ్బ తగిలినోడు ఒకడున్నాడు. ఆడు తాగీసొచ్చేడు.
అదీ రాసీ, అబద్దం ఆడకూడదు.”
నవ్వాడు. ఐసు కరిగి
కాయితం మీద పడింది.

సోమవారం కొత్త లిస్టు అంటించారు.
రెండు హ్యాచ్‌లకి ఒక సిగ్నల్‌మన్ చాలట.
నేనేం మొనగాణ్ణి కాదు,
యూనియన్ ఆఫీసు మెట్లెక్కలేదు.
వచ్చే ఏడు కెమెరాయే గీతలు గీస్తుందని
నా స్టూలు గురించీ అనుకుంటున్నారు.
చేసిందల్లా ఒకటే:
కాలమ్ లేని చోట, మార్జినులో,
నూకన్న పిడికిలి బిగిసిన ప్రతిసారీ
ఒక చుక్క పెట్టడం మొదలెట్టాను.
టీ వేళకి పదకొండు చుక్కలు.

పన్నెండోది పెడుతూ పెడుతూ
బస్తాల లెక్క తప్పాను.
ముప్పయ్యా, నలభయ్యా?
కిందనుంచి గ్యాంగంతా నా అమ్మనీ అబ్బనీ
తలుచుకోవడం మొదలెట్టారు.
తిట్టనివ్వాలి, వాళ్ల కూలి అది.
చేతులు వణికి
గుర్తున్నదేదో గీసెయ్యబోతుంటే
రెండు హ్యాచ్‌ల మధ్య పరిగెడుతున్నవాడు ఆగి,
రొప్పుతూ, నా వైపు తిరిగి
పిడికిలి బిగించాడు.

పెన్సిలు ఆపాను.