పేరు రాసే గడి

మంగళవారం రెండో షిఫ్టు, నాలుగో నంబరు మంచం.
ఏసోబు కంటే ముందే
అతని ఎక్కిళ్ళు మెట్లెక్కి వచ్చాయి.

వెనకాల సువార్తమ్మ, చంకలో దుప్పటి,
చేతిలో గీతలు గీసిన నీళ్ళ సీసా.
రోజు మొత్తానికి అర లీటరు, గుక్కకో గీత.
"ఆదివారం పొద్దుగూకినాక మొదలైనయ్యి బాబూ,
నిద్దట్లో కూడా ఆగలా."

నాలిక మీద పంచదార పోసిందట.
ముక్కు మూసి ఊపిరి బిగబట్టించిందట.
మిర్చి యార్డు నించి చూడొచ్చినవాడు
వెనక చేరి, "నీ కూలి ఎగ్గొట్టార్రోయ్" అని అరిచాడట.
ఏసోబు ఉలిక్కిపడ్డాడు,
ఎక్కిలి మాత్రం వరస తప్పలేదు.

ఇక మిగిలినవి పేర్లు.
ఎవరో తలుచుకుంటున్నారు గదా,
ఆ మనిషి పేరు తగిలితే ఆగుతుంది గదా.
నేను సూదులు సర్దుతుంటే ఆమె మొదలెట్టింది.
పేరేచర్లలో ఆడబిడ్డ. ఎక్కిలి.
నల్లపాడు తోడల్లుడు. ఎక్కిలి.
యార్డు మేస్త్రి, పాస్టరు గారు,
వారం వడ్డీ రాజారావు. ఎక్కిలి, ఎక్కిలి, ఎక్కిలి.
బతికున్నవాళ్ళు అయిపోయారు.
కాసేపాగి, గొంతు బాగా తగ్గించి
పురిట్లోనే పోయినవాణ్ణి పిలిచింది,
పేరు పెట్టే వ్యవధి లేదు కనక
"చంటోడా" అని.
ఆరు మెషిన్ల రొద.
ఎక్కిలి.

ఎడమ ముంజేతి మీద వేళ్ళుంచాను.
ముప్పై ఏళ్ళు టిక్కీలు మోసిన చెయ్యి,
ఇప్పుడు లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు
రక్తం జుమ్మంటుంది. అదొక్కటీ బాగానే ఉంది.
"ఇవ్వాళ ఏ వారం, ఏసోబూ?"
"కాటా అయ్యిందా?" అన్నాడు
నన్ను దాటి ఎవరినో చూస్తూ.

డాక్టర్ నస్రీన్ వచ్చారు.
ఎవరు తలుచుకున్నారని అడగలేదు,
ఏం తిన్నాడని అడిగారు.
"గంజేనమ్మా."
"ఇంకా?"
"గంజే."
"ఇంకా?"
సువార్తమ్మ సంచిలో చెయ్యి పెట్టి
పేపరు చుట్టిన పొట్లం తీసింది.
మైనపు పసుపు, అయిదు పలకలు.
"కొత్తపేట బండి మీద కొన్నా. పేరు తెలవదు.
దాహం దాహం అంటుంటే, పుల్లటిదైతే నాలిక తడుస్తదని.
ఆయన మూడు తిన్నాడు. నేను రెండు తిన్నా,
నాకేం కాలా."

ఇంతమంది పేర్లు చెప్పిన మనిషి
ఆ ఒక్కదాని పేరే చెప్పలేకపోయింది.

డాక్టరమ్మ దాన్ని స్టీలు ట్రేలో పెట్టి అడ్డంగా కోశారు.
చుక్క.
ఆ ట్రేని మేం కిడ్నీ ట్రే అంటాం, ఆకారాన్ని బట్టి.
మా వార్డులో మంచాల దగ్గర
ఖాయిలా పడని కిడ్నీ అదే.
"నీకిది పండు. నీళ్ళతో పాటు బయటికి పోతుంది.
ఆయనలో పోయే దారి లేదు.
తిరిగి తిరిగి తలకెక్కింది."
సువార్తమ్మ ఏడవలేదు. తన పొట్ట మీద
చెయ్యి వేసుకుని చూసుకుంది,
దొంగసొత్తు దాచినదానిలా.

గొట్టాలు ఎర్రబడ్డాయి.
మొదటి గంట, నిమిషానికి పద్నాలుగు. లెక్కపెట్టాను.
రెండో గంట, తొమ్మిది.
తర్వాత మధ్యమధ్య ఖాళీలు, అంత పొడుగు ఖాళీలంటే
ప్రతిసారీ ఊపిరి చూసుకోవాల్సొచ్చింది.
కిటికీ కింద ఆటోవాడు అరండల్‌పేట, అరండల్‌పేట అంటున్నాడు.
సువార్తమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి.
డాక్టరమ్మ చెప్పింది నమ్మలేదని కాదు,
మొదలుపెట్టింది మధ్యలో వదలలేక.

ఆగింది.

ఏసోబు కళ్ళు తెరిచి "నీళ్ళు" అన్నాడు.
ఒక గీత దాకా తాగించింది.
రేపు మళ్ళీ ఎక్కించాలి, ఎల్లుండి కూడా,
దాక్కున్నది తిరిగి రావచ్చు.
ఆ సంగతి చెబుతుంటే ఆమె వినడం లేదు.
నా చొక్కా చెయ్యి పట్టుకుంది.
"బాబూ, ఆగినప్పుడు
నేనెవుర్ని అంటన్నా?"

మెషిన్ వైపు చూస్తున్నాను నేను.
చార్టులో రాశాను:
నాలుగూ ఇరవై, ఎక్కిళ్ళు ఆగినవి.
బరువుకో గడి ఉంది, బీపీకో గడి ఉంది.
పేరు రాసే గడి పైన ఒక్కటే,
అందులో ఏసోబు అని ఉంది.