తలకట్టు

ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనక సందు మాది.
గాలి తిరిగితే చాలు
వాకిళ్ళన్నీ తెల్లబడేవి.
మా జేజినాయన నడిపి మౌలాలి
తలగుడ్డ నిండా పింజెలతో ఇంట్లోకొస్తే
ముసలోడో మబ్బో తెలిసేది కాదు.

మొదట నన్ను ఉర్దూ బడిలో వేసినారు.
అలీఫ్ శానా నచ్చింది నాకు,
తలమీద ఏ గుడ్డా లేకుండా
ఎండలో నిలబడిన కూలిమనిషి మాదిరి.
హజ్రత్ ఏదో అడిగినాడు.
"నీళ్ళు తాగొస్తా సార్" అన్నా, తెలుగులో.
పలకలన్నీ నవ్వినాయి.
మాయమ్మ తెలుగులోనే తిట్టేది,
తెలుగులోనే అల్లాకు మొక్కేది.
ఉర్దూ నేను ఎవరింటికి పోయి
చేబదులు తెచ్చుకునేది?

ఆర్నెల్లకు తెలుగు బడి.
సుంకులమ్మ అనే పిల్ల
"ఏదీ, మీ ఉర్దూలో ఏమన్నా చెప్పు" అనింది.
నాకు వచ్చిందల్లా చెప్పినా: అలీఫ్, బే, పే, తే.
ఇంక ఏడాదంతా నా పేరు అలీఫ్‌బే.
రిజిస్టర్లో పీరమ్మ.
పాత బడి రిజిస్టర్లో పీరాన్‌బీ.
రెండింటికీ "ప్రెజెంట్ సార్" అన్నది
ఒక్క గొంతే.

ఏడో తరగతి. ధ్వని పాఠం.
"కంపించే తీగకు ఉదాహరణ?"
ఆ బడిలో నేనెత్తిన మొదటి చెయ్యి అది.
"మా జేజినాయన దూదేకే విల్లు సార్!
గూటంతో నరం మీద కొడితే
ఝుంయ్‌మంటాది,
దూది లేచి ఎగురుతాది.
పక్కింటి గోడకు చెవి ఆనిస్తే సార్
గోడ గూడా గొణుగుతాది."

సారు చెడ్డోడేం కాదు.
పుస్తకం తిరగేసి చూసినాడు పాపం,
విల్లు దాంట్లో లేదు.
"వీణ అని రాసుకో" అన్నాడు.
రాసుకున్నా.
పరీక్షలో వీణకు ఒక మార్కు పడింది.
అప్పటికి నేను వీణ వినలేదు,
బొమ్మ మాత్రం చూసినా.
ఏకు మేకైందంటారు గదా,
ఆ ఒక్క మార్కు నాలో అట్లా దిగింది.

విల్లు అటకెక్కింది, ఫోము పరుపులొచ్చినాక.
నేను టీచరునైనా,
హొళగుంద దాటినాక ఒక ఊరి బడిలో.

నిన్న రాత్రి నోటుబుక్కులు దిద్దతావుంటే
నాలుగో తరగతి ఈరణ్ణ పుస్తకంలో
తలకట్టున్న అక్షరం కనపడితే చాలు, తప్పే.
మన తలకట్టు రైటు మార్కు మాదిరి ఉంటాది గదా,
వానిది అట్లా లేదు.
అడ్డంగా దువ్వి
కొసన మెలేసిన క్రాపు.
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టినా.
ఇంకొకటి. ఇంకొకటి.
పన్నెండో దాని దగ్గర పెన్ను నిలబడింది.

వాళ్ళమ్మ సిరుగుప్ప మనిషి.
అవి తప్పులు కావు, కన్నడపు తలకట్లు.
పొయ్యి ముందు కూర్చోబెట్టుకొని
బొగ్గుతో నేర్పించి ఉంటాది.

పదకొండు సున్నాలు.
ఎర్ర ఇంకు
ఏ రబ్బరుకూ లొంగదు.

పొద్దున వాణ్ణి పిలిచి
"మీయమ్మ రాసే 'త' బోర్డు మీద రాయి నాయనా,
అందరం చూస్తాం" అన్నా.
వాడు చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.
"రాదు టీచర్."

వచ్చు వానికి. నాకు తెలుసు.
వీణ తర్వాత పదో తరగతి దాకా
నాకూ ఏ జవాబూ రాలేదు.

ఏం చెప్పాల్నో తెలియక
సుద్దముక్క వాని బెంచీ మీద పెట్టి వచ్చినా.
బువ్వ బెల్లు కొట్టినాక చూస్తే
బెంచీ మీద లేదు.
బోర్డు మీదా ఏమీ లేదు.

తట్ట పట్టుకొని వరసలో నిలబడినాడు ఈరణ్ణ.
వాని జేబు ఒక్కటే
దూది పెట్టుకున్నట్టు
తెల్లగా ఉంది.