మూడు వేళ్ల ఎత్తు

అబానో కనుమలో మంచు ఇంకా కరగలేదు.
కరిగేలోపు బండి లేవాలి.

ఒతియా షెడ్డులోకి మే నెల ఎండ గడప దాకానే వస్తుంది.
లోపలంతా కిరసనాయిలు, తడి ఉన్ని,
చల్లారిన వెల్డింగు వాసన.
నాలుగు దిమ్మల మీద నా నివా
చక్రాలు ఊడదీయించుకుని,
చెప్పులు బయట విడిచిన కొత్త చుట్టంలా
ఎక్కడ చూడాలో తెలియక నిలబడి ఉంది.

పోయిన ఏడు ఒక రాయి దాని పొట్ట చీల్చింది.
పైన డిక్లో దొడ్డిలో నూట నలభై గొర్రెలు
టీకాలకు ఎదురుచూస్తుంటే
నేను వాగు మధ్యలో, మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని,
ఇంజిన్ నూనె నీళ్ల మీద
రంగురంగులుగా విప్పారుతుంటే చూస్తూ.
"మూడు వేళ్ల ఎత్తుంటే చాలేది" అన్నాడు ఒతియా తర్వాత,
రాయిని వెనకేసుకొస్తున్నట్టు.

మొదటి బోల్టు ఒక పూటంతా మింగేసింది.
తుప్పుతో ఇరవై ఆరేళ్ల కాపురం దానిది.
నూనె పోశాం. బతిమాలాం. మంట చూపించాం.
ఒతియా దాన్ని, దాన్ని పోతపోసిన ఫ్యాక్టరీని,
ఆ ఫ్యాక్టరీకి రిబ్బను కత్తిరించినవాణ్ణి
వరసపెట్టి తిట్టాడు.
చివరికి పానాకి గొట్టం తొడిగి
దాని మీద నేనెక్కి నిలబడితే
కిర్రుమంది.
ఒప్పుకున్నట్టు కాదు, విసిగిపోయినట్టు.

స్ప్రింగును నొక్కి బిగించేటప్పుడు మాత్రం ఎవరం మాట్లాడలేదు.
దాని ఎదురుగా నిలబడకూడదు.
గోడలో ఒక గుంట చూపించాడు,
తన ముప్పయ్యో ఏట జారిన స్ప్రింగుది.
"నా తల అక్కడ ఉండాల్సింది. తుమ్మొచ్చి వంగాను."
ఇప్పుడు ఆ గుంటలో సిగరెట్లు దాచుకుంటాడు.

కొత్త స్ప్రింగులు పచ్చటివి, పొగరుగా ఉన్నాయి.
వాటి నెత్తిన రబ్బరు బిళ్లలు. షాక్ అబ్జార్బర్లు పొడుగు.
బ్రేకు గొట్టం అందలేదు, తీగలా బిగుసుకుంది.
ఇంకో గొట్టం కోసం తెలావి వెళ్లొచ్చేసరికి చీకటి.
మర్నాడు చూస్తే వెనక ఇరుసు
చిటికెన వేలంత పక్కకు జరిగి ఉంది.
"ఎత్తు పెరిగితే అంతే" అన్నాడు
అడ్డకడ్డీని కోసి అతుకుతూ,
"నిటారుగా ఎవరూ పెరగరు."

సాయంత్రానికి చక్రాలు నేలకానాయి.
షెడ్డు పిల్లి బండి కింద నుంచి
వీపు వంచకుండా నడిచిపోయింది.
మురిసిపోయి తాళం అడిగాను.

ఇవ్వలేదు. మళ్లీ కిందికి పాకాడు.

వెనక, ఇరుసుకు సన్నటి కడ్డీతో తగిలించి
పిడికిలంత ఇనుప పెట్టె ఒకటుంది.
ఇక్కడి మెకానిక్కులు దాన్ని మంత్రగాడంటారు.
బండి ఎంత కుంగిందో చూసి
మీద బరువెంతో లెక్కకట్టి
వెనక చక్రాలకు అంత బ్రేకు పంచుతాడు.

"ఇప్పుడు మనం లేపాం కదా.
వీడు పైకి చూసి, ఓహో, బండి ఖాళీ అనుకుంటాడు.
నువ్వేమో మంచు పెట్టెలు, మందులు,
కాలు విరిగిన పొట్టేలు వేసుకుని
లోయలోకి దిగుతుంటావు.
వీడు ఏమీ లేదు, ఏమీ లేదు అంటూ
వెనక చక్రాలను గాలికి వదిలేస్తాడు."

నవ్వాను. ఆ తర్వాత నవ్వలేకపోయాను.
మా తమ్ముడు ఇమేదా పోయిన చలికాలం
నేను తలెత్తుకుని తిరుగుతుంటే చూసి
అల్వానీ అంతా అనుకుంది,
ఈవిడకేం, తేలిగ్గానే ఉందని.
ఏ ఇంటివాళ్లూ ఒక రొట్టె ఎక్కువ కాల్చలేదు.

పాత గడ్డిదంతె పన్ను ఒకటి విరిచి
ఒతియా ఆ కడ్డీకి మూడు వేళ్లు అతికాడు.
"వెనకెక్కి కూర్చో. వీడికి బరువు తెలియాలి."

గొర్రెల ఉప్పు బస్తాలు నాలుగు ఎక్కించి
వాటి మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.
కింద టార్చి వెలుతురు కదులుతోంది.

"ఇంతేనా? ఇంకేమైనా ఉందా?"

ఉంది, అన్నాను.

పానా ఇంకో అరచుట్టు తిరిగిన చప్పుడు.