ఖాళీ లూపు

తీసేయడమే నా ఉద్యోగం.
టాంపెరేలో, ఒకప్పటి నూలుమిల్లు మూడో అంతస్తులో,
కిటికీ కింద నది మంచుపెళ్లల్ని కొరుక్కుంటూ పోతుంటే
ఇతరులు రాసిన కోడులోంచి అక్కర్లేనిది ఏరేస్తుంటాను,
అడవిలో కోసుకొచ్చిన ఎర్రపళ్ల బుట్టలోంచి
ఆకులు ఏరినట్టు.

మనిషి రాసింది యంత్రానికి చేరేలోపు
మా కంపైలర్లో పదకొండు గడపలు దాటాలి.
ఏడోది నాది.
ఎవరూ చదవని లెక్క అక్కడితో ఆఖరు.
రెండుసార్లు చేసే గుణకారాన్ని ఒక్కసారే చేయించి
జవాబు దాచిపెడతాను.
లూపులో మారనిదాన్ని లూపు బయటే నిలబెడతాను.
ప్రతి మెట్టు మీదా చెప్పులు విప్పడమెందుకు,
వాకిట్లో ఒక్కసారి విప్పితే చాలదూ?

రిజిస్టర్లు పదహారు, విలువలు నలభై.
ఈ గదిలోనే మగ్గాల ముందు నిలబడ్డ ఆడవాళ్లకి
ఈ ఇరుకు కొత్త కాదు.
ఏ పోగు చేతిలో ఉండాలో
ఏది కాసేపు మేకుకి తగిలించాలో
వాళ్ల వేళ్లకి తెలుసు.
నాకు గ్రాఫులకి రంగులేస్తే గాని తెలియలేదు.

ఆ చలికాలమంతా నా గడపకి కొత్త కళ్లు పెట్టాను.
దొరికాయి:
ఒకటి నుంచి నలభై వేల దాకా లెక్కపెట్టి
వట్టి చేతులతో తిరిగొచ్చే లూపులు.
దేన్నీ కూడవు, ఎవరికీ ఏదీ చెప్పవు,
లెక్కపెడతాయి, అంతే.
తీసేశాను.
కోడు నాలుగు శాతం చిక్కింది.
కౌకో యాలకుల రొట్టె తెచ్చాడు,
పైన చక్కెరతో రాయించిన నాలుగు
దారిలో కరిగి తొమ్మిదిలా కనబడింది.
అలాగే తినేశాం.

మే మొదటి వారంలో ఫోను.
ఉత్తరాన ఒక కాలువ, దానికో లాకు,
ఆ లాకు తలుపుల్ని నడిపే పెట్టెలో మా కంపైలర్ కోడు.
ఓయ్వా సర్కియార్వి, మరమ్మతుల మనిషి,
పేరు చెప్పి ఊరుకున్నాడు.
లైను తెగిందనుకున్నాను.
"తలుపు తొందరపడుతోంది."
మళ్లీ ఏమీ లేదు.
"నీళ్లు సమానం కాకముందే తెరుచుకుంటోంది.
నిన్న ఈ యేటి మొదటి పడవ.
అందులో ఒక ముసలాయన, ఒక కుక్క.
పడవ ఊగింది. ఫ్లాస్కు నీళ్లలో పడింది.
కుక్కకి కోపం వచ్చింది.
ఇంకేం కాలేదు."

పాత ఫైలు తెప్పించుకుని చూశాను.
ఉంది. నలభై వేలు.
పక్కన ముప్పయ్యేళ్ల కిందటి ఒక చిన్న మాట:
నీళ్లు కుదుటపడనీ. ఓ. ఎస్.
ఇలాంటి పక్కమాటల్ని మేం మొదటి గడపలోనే ఊడ్చేస్తాం,
నా దాకా రానే రావు.

నిబంధనల ప్రకారం తప్పు నాది కాదు.
గడియారాన్ని అడగాల్సింది,
లేదా దీన్ని ముట్టుకోవద్దని ఒక్క ముక్క చేర్చాల్సింది.
కౌకో అదే అన్నాడు, గట్టిగానే అన్నాడు.
నిజమే.
ఫలితం మారనంతవరకు ఏం మార్చినా చెల్లుతుంది,
మా మతమంతా ఈ ఒక్క వాక్యమే.
ఫలితం అంటే ఏమిటో
ఎవరూ వెళ్లి నీళ్లని అడగలేదు.

నాలుగు రోజులు పట్టింది.
ఇప్పుడు నా గడప ఖాళీ లూపుని చూస్తే తీసేయదు,
ఆగి అడుగుతుంది:
ఇక్కడ ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నారా?
రాసినవాడు లేదంటేనే తీస్తుంది.
నాలుగు శాతం రెండుంబావుకి దిగింది.
రొట్టె ఎవరూ తేలేదు.

కొత్త కోడు ఎక్కించిన రోజు ఓయ్వాకి నేనే చేశాను.
"తలుపు?"
"ఆగుతోంది."
ఆ రెండక్షరాల గురించి నేను అడగలేదు,
ఆయన చెప్పలేదు.
తర్వాత ఇద్దరం ఊరుకున్నాం.
అటువైపు నీళ్ల చప్పుడు, దూరంగా ఒక మొరుగు.
ఎంతసేపో లెక్కపెట్టలేదు.
ఆయన ఎప్పుడు ఫోను పెట్టేశాడో
ఇప్పటికీ నాకు తెలియదు.