పరదేశమ్మ సెట్టు

కాలే కొస లోపల, చల్లటి కొస బయట.
సముద్రం గాలికి ఆరిపోకుండా
అడ్డపొగ పీలుస్తూనే
జాలరిపేట నుంచి పూర్ణా మార్కెట్‌కి
నెత్తళ్ల గంప మోసింది పరదేశమ్మ.

పళ్లు ఒక్కోటీ ఊడాయి.
అంగిట్లో తెల్లమచ్చ చూసి
కేజీహెచ్ డాక్టరమ్మ కేకలేసింది.
చుట్ట మానింది, సెట్టు కట్టించుకుంది.

ఆరేళ్లయింది.
బేరంలో "నూటెనభై" అనేలోగా
పైవరస జారి కిందవరస మీద పడుతోంది.
"సెట్టు అరిగిపోనాదేటి తల్లీ?"
"సెట్టు కాదమ్మా, నీ దవడ.
పన్ను లేనిచోట ఎముక నిలవదు."

బీచ్ రోడ్డు పక్క ఇసక గుర్తొచ్చింది.
గోడ ఉంది,
గోడ కింద నేల లేదు.

రాత్రి బేసిన్‌లో నీళ్లు పోసి
(చెయ్యి జారినా పగలకూడదు)
మెత్తటి బ్రష్షుతో సెట్టు తోముతుంది,
చందువా పొట్ట కడిగినంత నెమ్మదిగా.
మూత డబ్బాలో, నీళ్లలో పడుకోబెడుతుంది.
ఉత్త చిగుళ్ల మీద వేలు తిప్పుకుంటుంది.

"ఒడ్డుకైతే డ్రెడ్జరొచ్చి ఇసక పోస్తాది.
నా దవడకి ఎవులు పోస్తారే?"

నవ్వితే
గెడ్డం వెళ్లి ముక్కుని పలకరిస్తుంది.